మూడో నంబరు అంటే ఎంత ప్రమాదం?

తుపాను వచ్చిన ప్రతిసారీ ఉత్తరాంధ్రలో ఒక మాట చెలామణీ అవుతుంది. టెక్కలి టీ దుకాణాల్లో మొదలై టీవీ చర్చలదాకా, చదువుకున్నవాళ్ల వ్యాసాలదాకా పోతుంది. "ఎల్లో, ఆరెంజ్, రెడ్ అంటూ ఈ రంగులన్నీ ఎవరి కోసం? ఉప్పు మడిలో పనిచేసేవాడికీ, సముద్రంమీద వేటకు పోయేవాడికీ కోడ్‌లతో పనేముంది? గాలి ఎప్పుడొస్తుందో, వాన ఎంత పడుతుందో నాలుగు తెలుగు ముక్కల్లో చెబితే చాలదా?" వాతావరణ శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తమ హెచ్చరికలను ఒకే ప్రామాణిక సంకేత పద్ధతిలోకి తెచ్చే పని సాగుతున్నకొద్దీ ఈ మాట ఇంకా గట్టిపడుతోంది.

ఈ మాట తప్పు. ఉత్తరాంధ్ర తీరంలోని నౌపడ లాంటి చోట అది ప్రాణాలమీదికి తెచ్చే తప్పు. ఇక్కడ వేల ఎకరాల ఉప్పు మడులున్నాయి. భావనపాడులో వేట ఉంది. గుణుపురం రైలెక్కితే కాసేపటికే ఒడిశా వస్తుంది. ఒకే బోగీలో తెలుగు, ఒడియా, సవర వినబడతాయి. ఒక గాలివాన వస్తే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, అరడజను కార్యాలయాలు తలో విధంగా హెచ్చరిస్తాయి. అందరి హెచ్చరికకూ ఒకే కొలత ఉండాలని ఎవరైనా అడగాలంటే ముందు అడగాల్సినవాళ్లం మనమే. మనమే వద్దంటున్నాం.

వాదనను దాని బలంతో సహా చెప్పుకోవాలి. వద్దనేవాళ్లు కళ్లారా చూసిందే చెబుతున్నారు. రంగు చెప్పి ఏం చెయ్యాలో చెప్పని స్క్రోలింగులు చూశారు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను వస్తోందని రైళ్లు ఆపి, వేలమందిని ఇళ్లు ఖాళీ చేయిస్తే అది తీరం చేరకముందే బలహీనపడిపోవడం చూశారు. 2023లో ప్రయోగాత్మక సందేశాలకు ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యోమని మోగితే ముసలివాళ్లు బెదిరిపోవడం చూశారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతపు కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసినప్పుడు, ముందు జారీ అయిన హెచ్చరికలు ఒక్క చెట్టునూ నిలబెట్టలేకపోవడం చూశారు. అందుకని వాళ్లు అనేది ఇది: కోడ్ జనానికి అర్థం కాదు, మామూలు మాట చాలు, ఉన్న పద్ధతులు చాలు, హెచ్చరికలు ఎటూ తప్పుతాయి, రంగులన్నీ అధికారులు తమను తాము కాపాడుకోడానికే. ఒక్కొక్కటే చూద్దాం.

దానికి ముందు, తిడుతున్న వస్తువేమిటో తెలుసుకోవాలి. దాని పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, పొట్టిగా క్యాప్. 2004లో మొదటి రూపం వచ్చింది, ఇప్పుడు వాడుతున్నది 2010 నాటి 1.2. ప్రపంచ వాతావరణ సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీన్నే అన్ని దేశాలకూ సిఫారసు చేశాయి. మన దగ్గర ప్రభుత్వ టెలికాం సంస్థ సీ-డాట్ తయారుచేసిన 'సచేత్' వేదిక దీనిమీదే నడుస్తోంది. ఇందులో ఒక్క హెచ్చరికను విప్పి చూడండి. పంపిందెవరు, ఎన్ని గంటలకు పంపారు అన్నది మొదట ఉంటుంది. ఇది నిజమైన హెచ్చరికా, కసరత్తా? కొత్తదా, పాతదానికి సవరణా, రద్దా? ముంచుకొస్తున్నది గాలా, వానా, పిడుగా, వరదా? ఎంత తొందర, ఎంత తీవ్రత, ఎంత ఖాయం అన్నవి మూడు వేర్వేరు గళ్లు. ఎప్పుడు మొదలవుతుంది, ఈ హెచ్చరిక ఎప్పటిదాకా చెల్లుతుంది? ఏ ఊళ్లకు వర్తిస్తుందో మ్యాప్‌మీద గీసిన హద్దు ఉంటుంది. చివర ఏం చెయ్యాలో మామూలు వాక్యాల్లో, ఎన్ని భాషల్లో కావాలంటే అన్ని భాషల్లో ఉంటుంది. రంగు దీని పైపూత మాత్రమే. ఈ గళ్లలో ఏది మనకు అక్కర్లేదో వద్దనేవాళ్లు చెప్పాలి.

ఒకటి: పల్లెజనానికి కోడ్ అర్థం కాదన్నది

పల్లెజనం మీద ప్రేమలాగా కనిపిస్తుంది గానీ ఇది చిన్నచూపు. కోడ్ మనకు కొత్తదా? 1864 కలకత్తా తుపాను తరవాత, 1865లో అక్కడి రేవులో తుపాను సంకేతాలు మొదలయ్యాయి. అప్పటికింకా వాతావరణ శాఖే పుట్టలేదు, అది వచ్చింది 1875లో. ఒక్కో రేవు ఒక్కో రకంగా జెండా ఎగరేస్తే ఓడలవాళ్లు తికమకపడుతున్నారని 1898లో అన్ని రేవులకూ ఒకే పద్ధతి పెట్టారు. పగలు శంకువులు, పీపాల ఆకారాలు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు. కళింగపట్నంలో, భీమిలిలో బడి మొహం చూడని మత్స్యకారులు తరతరాలుగా వాటిని ఎగరేసే స్తంభం వైపు చూసి పడవ దింపాలా వద్దా అని తేల్చుకున్నారు. నౌపడ జంక్షన్ దగ్గర గేదెలు కాసుకునే పిల్లవాడికి ఎర్ర సిగ్నల్ పడితే బండి ఆగుతుందని తెలుసు. గుణుపురం వైపు వెళ్లే బండికీ, హౌరా వైపు వెళ్లే బండికీ ఎరుపుకు ఒకటే అర్థం కాబట్టే తెలిసింది. ఒక గేటు దగ్గర ఎరుపంటే ఆగు, ఇంకో గేటు దగ్గర జాగ్రత్తగా పో అని ఉంటే చదువుకున్నవాడికీ అర్థం కాదు.

కోడ్‌ను నేర్పకపోతే ఏమవుతుందో, నేర్పితే ఏమవుతుందో రెండూ బంగ్లాదేశ్‌లోనే కనిపిస్తాయి. అక్కడ వాడేదీ మన రేవుల తుపాను సంకేతాల నంబర్ల కుటుంబానికి చెందినదే. 1991 ఏప్రిల్ 29న పదో నంబరు మహా ప్రమాద సంకేతం ఎగిరే ఉంది. అయినా ఎంతోమంది ఇళ్లు కదల్లేదు. 1,38,000 మందికి పైగా చనిపోయారు. ఓడల కోసం పుట్టిన అంకె ఇంట్లో కూర్చున్నవాడికి ఏం చెయ్యాలో చెప్పలేదు. అదే దేశంలో 1972 నుంచి ఉన్న తుపాను సంసిద్ధత కార్యక్రమం వలంటీర్లు ఊరూరా జెండాలు కట్టి, చేతిమైకు పట్టుకుని, ఒకటంటే ఇది, రెండంటే ఇది, మూడు కడితే షెల్టరుకు నడవండి అని నేర్పుకుంటూ వచ్చారు. తరవాతి దశాబ్దాల్లో మరణాలు ఎంతో తగ్గాయి. షెల్టర్లు, కట్టలు, ముందస్తు అంచనా అన్నీ కలిస్తే వచ్చిన ఫలితం అది. అందులో నేర్పిన సంకేతానికీ వాటా ఉంది. జనానికి అర్థం కాదనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మనం ఎప్పుడైనా నేర్పామా?

రెండు: నాలుగు తెలుగు ముక్కలు చాలన్నది

"కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది." రేడియోలో ఈ వాక్యం వింటూ పెరిగాం. ఇంతకంటే మామూలు తెలుగు ఏముంటుంది? కానీ ఇందులో ప్రతి మాటా కోడే. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. 'చాలా చోట్ల' అంటే మూడొంతుల దాకా. 'భారీ' అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా. 'అతి భారీ' అంటే 204.4 దాకా. ఆపైన 'అత్యంత భారీ'. వాతావరణ శాఖ లోపల ఈ లెక్క పక్కాగా ఉంది. మనకు చేరేది లెక్క తీసేసిన మాట. దాన్ని మనం మామూలు మాట అనుకుని, మన మనసుకు తోచిన అర్థం చెప్పుకుంటున్నాం. మొన్న పడ్డ వానే భారీ అనుకున్నవాడికి రేపటి 'అతి భారీ' అంటే దానికంటే కాస్త ఎక్కువ. అది రెండింతలో మూడింతలో కావచ్చునని ఆ మాటలో ఎక్కడుంది?

అంటే కోడ్ కావాలా, తెలుగు కావాలా అన్న ప్రశ్నే లేదు. మనకు ఇప్పుడు వస్తున్నదీ కోడే. తాళంచెవి మన చేతికి ఇవ్వని కోడ్. ప్రామాణిక పద్ధతి చేసేది ఆ తాళంచెవిని బయటపెట్టడం: తీవ్రత ఎంతో ఒక గడిలో, ఏం చెయ్యాలో ఇంకో గడిలో.

అయినా తెలుగు చాలన్నవాళ్లు ఎవరి తెలుగు గురించి మాట్లాడుతున్నారు? ఈ గడ్డమీద వాడుకభాష కోసం పోరాడినది గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ ఆయన సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారు. వాళ్లకు తెలుగు చాల్లే అనుకోలేదు. జిల్లా కేంద్రంలో వినిపించే తెలుగులో ప్రకటన చదివేసి పని అయిపోయిందనుకుంటే సీతంపేట కొండమీది సవర ఇంటికీ, ఇచ్ఛాపురం పక్కన ఒడియా మాట్లాడే ఇంటికీ ఏం చేరుతుంది? హెచ్చరిక గళ్లలో ఉంటే ఒకసారి సిద్ధం చేసి పెట్టుకున్న వాక్యాలు తెలుగు, ఒడియా, సవర మూడింటిలో ఒకే క్షణాన వెళతాయి. ఎవరో ఒకరు రాత్రి రెండింటికి కూర్చుని అనువాదం చేసేదాకా ఆగక్కర్లేదు.

మన మత్స్యకారుల్లో సగం జీవితం ఈ తీరంలో గడపనివాళ్లు ఎంతోమంది. సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, ఎచ్చెర్ల తీర గ్రామాలనుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు, పారాదీప్‌కు, చెన్నైకి కూలి వేటకు పోతారు. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు తీరంలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది హెచ్చరిక వెలువడే సరికే సముద్రం లోపల రోజుల తరబడి వేటలో ఉన్నవాళ్లు. వెరావల్ రేవులో గుజరాతీలో మైకు మోగితే మన ఊరి కుర్రవాడికి అందేదేమిటి? అక్కడి ఎరుపు, ఇక్కడి ఎరుపు ఒకటే అయి, సందేశం కింద తెలుగు కూడా ఉంటే అతనికి దారి దొరుకుతుంది. నాలుగు తెలుగు ముక్కలు చాలన్నవాళ్ల లెక్కలో ఈ కుర్రవాడు లేడు.

మూడు: ఉన్నవి చాలు, కొత్తది గందరగోళమన్నది

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. గందరగోళం కొత్తది తేబోతోందా, ఇప్పటికే ఉందా?

గార మండలంలోని కళింగపట్నం వెళ్దాం. సరుకు ఓడలు ఇప్పుడు రాకపోయినా తుపాను సంకేతాల జాబితాలో అది రేవే. వంశధార సముద్రంలో కలిసేదీ అక్కడే. తుపాను వచ్చినప్పుడు టీవీలో "కళింగపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వస్తుంది. రేవు సంకేతాల్లో మొత్తం పదకొండు నంబర్లున్నాయి. మూడు అంటే స్థానికంగా జాగ్రత్త పడండి, ఈదురుగాలులు రావచ్చు అని. మెట్ల లెక్కన కింది మెట్టే. అదే మనిషికి రెండు రోజుల తరవాత ఒడిశా కొండల్లో పడ్డ వాన వంశధారలోకి దిగి గొట్టా బ్యారేజీ దగ్గర నీరు పెరిగితే జలవనరుల శాఖనుంచి ఇంకో రకం "ప్రమాద హెచ్చరిక" వినబడుతుంది. అది నది లెక్క. భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటిది, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. అక్కడ మూడంటే అన్నిటికంటే పైది, ఊళ్లు మునిగేది. వంశధారకూ ఇలాంటి అంచెలే. అంటే రేవులో 'మూడు' విని పెద్దగా కంగారుపడక్కర్లేదని నేర్చుకున్న మనిషికి, నదిలో ఒకటో రెండో వింటే మూడుకన్నా తక్కువే కదా అనిపించదా? రెండు శాఖలూ వాడుతున్నది ఒకే మాట, 'ప్రమాద హెచ్చరిక'. అంకెలూ అవే. అర్థాలు మాత్రం వేరు. ఉన్నవి చాలనేవాళ్లు ఈ గార మండలం మనిషికి ఏం జవాబు చెబుతారు?

రేవు నంబర్ల లోపల ఇంకా ఉంది. ఐదు, ఆరు, ఏడు అని టీవీలో పెంచుకుంటూ పోతే ప్రమాదం మెట్టు మెట్టుగా పెరుగుతోందని అందరం అనుకుంటాం. అది నిజం కాదు. ఐదు అంటే తుపాను రేవును తన దారికి ఎడమపక్కన ఉంచి వెళుతుందని. ఆరు అంటే కుడిపక్కన ఉంచి వెళుతుందని. ఏడు అంటే రేవుమీదుగానో, దాన్ని ఒరుసుకునో పోతుందని. ఎనిమిది, తొమ్మిది, పదిలో మళ్లీ అవే ఎడమ, కుడి, నడుమ, ఈసారి తీవ్ర తుపానుకు. ఓడ కెప్టెన్‌కు ఇది బంగారంలాంటి సమాచారం. గాలి ఏ వైపునుంచి తిరుగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. మన తీరంలో దారికి కుడిపక్కనే గాలి జోరు ఎక్కువ, ఉప్పెనా అటే. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి గోపాలపూర్ కుడిపక్క, కళింగపట్నం ఎడమపక్క. ఊళ్లో ఇంటిముందు కూర్చున్నవాడికి మాత్రం ఆరు అంటే ఐదుకన్నా ఒకటి ఎక్కువ, అంతే. ఇక పదకొండో నంబరు అన్నిటికంటే పెద్ద ప్రమాదం కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే సంకేతం అది.

నూట పాతికేళ్ల ఈ పద్ధతిని నేను తక్కువ చెయ్యడం లేదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఓడల కోసం చక్కగా చేశారు. తప్పు మనది. ఓడల భాషను తీసుకొచ్చి ఊళ్లమీద పెట్టి, అదే ప్రజా హెచ్చరిక అనుకున్నాం.

రంగుల్లోనూ ఇదే చిక్కు. జిల్లాలవారీ హెచ్చరికలో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధం కండి, ఎరుపు అంటే కదలండి. తుపాను బులెటిన్ల దశల్లో 48 గంటల ముందు ఇచ్చేదానికి పసుపు, 24 గంటల ముందు ఇచ్చేదానికి నారింజ, తీరం దాటాక ఎలా ఉంటుందో చెప్పేదానికి ఎరుపు. మొదటిది తీవ్రతను చెప్పే రంగు, రెండోది సమయాన్ని చెప్పే రంగు. ఈ రెండూ ఒకే రోజు ఒకే జిల్లాకు వస్తాయి. వీటికి తోడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక, రాష్ట్ర సంస్థ మండలాలవారీగా ఇచ్చే పిడుగు హెచ్చరిక, వడగాలుల జాబితా. ఒక్కొక్కటీ దాని మటుకు అది మంచిదే. అన్నీ కలిసి ఒక మనిషి చెవిలో పడినప్పుడు దేనికి ఎంత విలువో తేల్చే కొలత లేదు. ప్రామాణిక పద్ధతి ఉన్నది ఆ కొలత పెట్టడానికే. దాన్ని గందరగోళమంటే, ఇప్పుడున్నదాన్ని ఏమనాలి?

గాలివానకు రాష్ట్రాల సరిహద్దు లేదు. తిత్లీ మన తీరాన దాటి, ఆ రోజే ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో కుండపోతగా కురిసి, కొండచరియలు విరిగిపడి ఒకే చోట పదిమందికి పైగా చనిపోయారు. తీరంనుంచి అంత లోపల తుపాను అంటే గాలి మాత్రమేనని అనుకునేవాళ్లకు వాన, కొండచరియలు వేర్వేరు ప్రమాదాలుగా, వేర్వేరు హద్దులతో చెప్పగలిగేది ఈ గళ్ల పద్ధతే. మ్యాప్‌మీద గీసిన గీతకు ఆంధ్ర, ఒడిశా తేడా తెలియదు. జిల్లా పేరు చూసి ఇచ్చే రంగుకు తెలుసు.

నాలుగు: హెచ్చరికలు ఎటూ తప్పుతాయన్నది

ఈ వాదన దగ్గరకొచ్చేసరికి అందరూ 'నాన్నా, పులి' కథ చెబుతారు. జవాద్ కోసం అంత హడావుడి చేస్తే అది రాలేదు, ఈసారి ఎవరు నమ్ముతారు అంటారు.

ఆ కథలో పిల్లవాడి దగ్గర ఉన్నది ఒక్కటే కేక. పులి ఉందన్నా, ఉండొచ్చన్నా, ఆ కొండవతల ఉందన్నా అదే కేక. మన తుపాను సమాచారం ఇన్నాళ్లూ అలాగే చేరుతోంది. బులెటిన్‌లో అవకాశం ఎంతో ఉంటుంది, మైకు ఆటోలోకి వచ్చేసరికి "తుపాను వస్తోంది" ఒక్కటే మిగులుతుంది. క్యాప్‌లో తీవ్రత వేరు, ఖాయం వేరు అని ఇందాక చెప్పాను. 'వస్తే ఘోరం, కానీ రావడం ఇంకా తేలలేదు' అన్నది ఒక హెచ్చరిక. 'వచ్చేసింది, కళ్లముందు ఉంది' అన్నది ఇంకొకటి. బలహీనపడితే అదే హెచ్చరికకు సవరణ వెళుతుంది, దాటిపోతే రద్దు వెళుతుంది. జవాద్ విషయంలో మన ఊళ్లకు బాధ కలిగించింది తుపాను రాకపోవడం కాదు. రావడంలేదని అంతే గట్టిగా, అంతే త్వరగా ఎవరూ చెప్పకపోవడం. తప్పిన హెచ్చరికకు మందు హెచ్చరికల్ని మరింత వదులు మాటల్లో చెప్పడమా, ఎంత ఖాయమో విడిగా చెప్పడమా?

హెచ్చరికలు ఊళ్లకు సరిగా చేరని రోజుల్లో ఏమైందో కూడా ఈ రాష్ట్రానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది పోయారు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అంత బలంగా వచ్చినా మరణాలు పదుల్లో ఆగాయి. ముందుగా కదిలించబట్టే ఆగాయి. ఇల్లు వదిలివెళ్లి, ఏమీ జరగక తిరిగొచ్చిన రాత్రి వృథా అనేవాళ్లు ఆ లెక్కను దివిసీమ లెక్క పక్కన పెట్టి చూడాలి.

తిత్లీ హెచ్చరిక ఉద్దానాన్ని కాపాడలేదన్నది ఇంకో మాట. నిజమే. ఏ హెచ్చరికా కొబ్బరిచెట్టును ఊరవతలికి తీసుకుపోలేదు. ఆ రైతుకు కావలసింది బీమా, పరిహారం, మళ్లీ మొక్క నాటి కాపు వచ్చేదాకా బతికే దారి. అవి సరిగా అందలేదని కోపముంటే ఆ కోపం పరిహారం మీద చూపాలి. హెచ్చరిక పద్ధతిమీద చూపితే చెట్టూ పోయింది, రేపు మనిషీ పోతాడు.

ఐదు: అధికారులు చేతులు దులుపుకోడానికే అన్నది

అన్నిటికంటే ఆవేశంగా చెప్పేది ఇదే, అన్నిటికంటే తలకిందులుగా ఉన్నదీ ఇదే. చేతులు దులుపుకోవడానికి కావలసింది వదులు మాటలు. 'అక్కడక్కడా', 'అవకాశం ఉంది', 'అప్రమత్తంగా ఉండాలని కోరాం'. తరవాత ఎవరైనా నిలదీస్తే, చెప్పాం కదా అంటే సరిపోతుంది. ఎవరికి, ఎప్పుడు, ఏ మండలానికి, ఏ తీవ్రత చెప్పారో ఎవరూ పట్టుకోలేరు.

సంకేత పద్ధతిలో ప్రతి హెచ్చరికకూ ఒక గుర్తింపు సంఖ్య, పంపినవారి పేరు, పంపిన గంట నిమిషాలు, వర్తించే హద్దు, గడువు ఉంటాయి. తిత్లీ అక్టోబరు 9న తుపానై పేరు పెట్టుకుంది, మర్నాటికే అతి తీవ్ర తుపానైంది, 11 తెల్లారకముందే తీరం దాటింది. అలా రెండు రోజుల్లో ముదిరే తుపానులో ఏ గంటకు ఏ ఊరికి ఎరుపు వెళ్లిందో రాతపూర్వకంగా ఉంటే గ్రామసభలోనే అడగొచ్చు: వాతావరణ శాఖ మధ్యాహ్నం పంపింది, మా సచివాలయానికి రాత్రి దాకా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న అడగగలిగే శక్తిని వద్దనుకోమని చెబుతున్నవాళ్లు, తెలిసో తెలియకో, అధికారుల పక్షానే మాట్లాడుతున్నారు.

అందుకే ప్రతి తుపాను తరవాతా ఈ చిట్టా మొత్తం జనం ముందు పెట్టాలి. పద్ధతి తెచ్చి చిట్టా దాచుకుంటే అప్పుడు వాళ్ల విమర్శే నిజమవుతుంది.

ఆరు: నౌపడ సొంత ప్రశ్న

ఇది బయటి విమర్శకులు అడగరు, ఉప్పు రైతులు అడుగుతారు. నాకు వీటన్నిటిలోనూ బరువైనది ఇదే. నౌపడలో ఉప్పు పండేది ఎండల్లో. సముద్రపు నీరు మడి నుంచి మడికి మారుతూ చిక్కబడి, ఆఖరి మడిలో గడ్డకడుతుంది. కర్ర గోరుతో లాగి గట్టున కుప్ప పోస్తారు. మే నెలలో ఒక సాయంత్రం అరగంట గాలివాన కురిస్తే ఆఖరి మడిలో తయారైన ఉప్పు కరుగుతుంది, చిక్కబడ్డ నీరు పలచబడుతుంది, కప్పని కుప్ప జారిపోతుంది. మళ్లీ మొదటినుంచి. ఆ వాన వాతావరణ శాఖ లెక్కలో భారీ కాదు, దాని దరిదాపుల్లోనూ ఉండదు. ఆకుపచ్చ రంగులోనే మా బతుకు పోతుంది కదా, అందరికీ ఒకే కొలత అంటే మా కొలత ఎక్కడ అని వాళ్లు అడిగితే ఎవరూ దాటెయ్యకూడదు.

కానీ దీనికి పరిష్కారం కోడ్‌ను తీసేయడంలో లేదు. ఎరుపును ఉప్పు మడి కోసం కిందికి దించితే ఎరుపు విలువే పోతుంది. ఏటా వేసవిలో ఇరవైసార్లు ఎరుపు చూసినవాడు తుపాను నాటి ఎరుపును లెక్కచెయ్యడు. ప్రాణానికి ముప్పు చెప్పే రంగు అందరికీ ఒకటిగా ఉండి, వృత్తికి ముప్పు చెప్పే సూచన దాని పక్కన విడిగా రావాలి. మూడు గంటల ముందు ఉరుముల సూచన ఇప్పుడు ఇస్తూనే ఉన్నారు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంత సూక్ష్మంగా పట్టుకునే యంత్రాంగానికి, సంతబొమ్మాళి మండలం ఉప్పు మడుల చుట్టూ ఒక గీత గీసి, వాన ఏ కాస్త వచ్చే సూచన ఉన్నా 'కుప్పలు కప్పండి' అని జనవరి నుంచి జూన్ దాకా పంపడం కష్టం కాదు. హద్దు, గడువు, ఏం చెయ్యాలి అన్న గళ్లున్న పద్ధతిలోనే అది సాధ్యం. జిల్లా మొత్తానికి ఒక వాక్యం చదివే పాత పద్ధతిలో ఎన్నటికీ సాధ్యం కాదు.

ఇక ఏం అడగాలి

ఫోన్ టవర్లు పడిపోతే ఈ సందేశాలన్నీ ఏమవుతాయి అని అడిగేవాళ్లున్నారు. హుద్‌హుద్‌లో విశాఖ మూగబోయింది, తిత్లీ తరవాత ఉద్దానంలో కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయాయి. ప్రశ్న సరైనదే. అయితే ఒకే రూపంలో ఉన్న హెచ్చరిక ఫోనుకే కాదు, సైరన్‌కూ, రేడియోకూ, పడవలోని వీహెచ్‌ఎఫ్ సెట్‌కూ ఏకకాలంలో పోగలదు. ఒడిశా తన తీరం పొడవునా 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టుకుంది. ఒక దారి తెగితే ఇంకో దారి ఉండాలంటే అన్ని దారుల్లోనూ నడిచే సరుకు ఒకటే అయ్యుండాలి.

కాబట్టి అడగాల్సింది కోడ్ వద్దని కాదు, సగం పెట్టి వదిలేసిన కోడ్‌ను పూర్తిగా పెట్టమని. ప్రజలకు చెప్పే ప్రతి హెచ్చరికా, గాలైనా వానైనా వరదైనా అలైనా పిడుగైనా, ఒకే నాలుగు రంగుల కొలతలోకి రావాలి. తుపాను దశలకు వాడే రంగులు తీసెయ్యాలి. గొట్టా బ్యారేజీ దగ్గరి అంచెలు ఆ కొలతకు తర్జుమా కావాలి. జిల్లా కాదు, మండలం, వీలైతే గ్రామం హద్దుగా రావాలి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ప్రతి తీర గ్రామంలో ఏటా తుపాను కాలానికి ముందు, వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పుడే, ఈ రంగులతో కసరత్తు చేయించాలి. తెలుగుతోపాటు ఒడియా, సవర వాక్యాలు ముందే రాయించి, ఆ భాషలవాళ్లకే వినిపించి సరిచూసుకోవాలి.

మన సంతబొమ్మాళి మండలంలోనే మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు పూర్తయితే అక్కడా ఒక సంకేత స్తంభం లేస్తుంది. దానిమీద ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు ఎగరనివ్వండి, అవి ఓడల కోసం. ఆ నంబరును సంతబొమ్మాళి ఊళ్లలో మైకుపెట్టి ప్రజా హెచ్చరికగా చదవడం మాత్రం ఆ రేవుకు మొదటి ఓడ రాకముందే ఆగిపోవాలి.